డిటాక్స్ షాట్‌కు టీకా తాత్పర్యం

మూలం: పసుపు, మిరియం, అల్లం డిటాక్స్ షాట్. రోజూ ఒక్కటి, ఒళ్లంతా క్లీన్!

అవతారిక: మాదాపూర్ మొదలు గచ్చిబౌలి దాకా క్యాంటీన్లలో, జ్యూస్ కౌంటర్లలో సోమవారం ఉదయాన పారాయణమయ్యే గద్యం ఇది. కర్త అజ్ఞాతుడు. అధికారులు వారాంతపు బిర్యానీ వల్ల పాపభీతి పట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు. ఫలం సర్వవిష విమోచనం. వ్యాఖ్యాతకు ఆ ఫలం దగ్గరే పేచీ.

ప్రతిపదార్థం:

డిటాక్స్ = ఒంటికి అక్కరలేని రసాయనాలను వెళ్లగొట్టడం. మూలంలో ఈ క్రియకు కర్త గ్లాసు. శరీరంలో ప్రధానంగా కాలేయం. పని రెండు విడతలు. మొదట సైటోక్రోమ్ పీ450 ఎంజైములు పదార్థాన్ని మారుస్తాయి. తరువాత మరికొన్ని ఎంజైములు, విజిటర్ మెడలో ట్యాగు వేసినట్టు, దానికి గ్లూటాథయోన్‌నో గ్లూకురోనిక్ ఆమ్లాన్నో తగిలించి మూత్రం దారినో పిత్తం దారినో సాగనంపుతాయి. మొదటి విడత ఎప్పుడూ మేలే చేయదు. సిగరెట్ పొగలోని బెంజోపైరీన్ డీఎన్ఏకు అంటుకునే క్యాన్సర్ కారకంగా మారేది అక్కడే.

పసుపు = కర్కుమిన్‌కు ఆశ్రయం. డిటాక్స్‌లో దీని పాత్రకు ప్రమాణం ఊళ్లోనే ఉంది. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా తార్నాకలో దిగవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ అక్కడే. కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి బృందం 16 మంది పొగరాయుళ్లకు 30 రోజులపాటు రోజుకు 1.5 గ్రాముల పసుపు ఇచ్చి, ఫలితాన్ని 1992లో ప్రచురించింది. వారి మూత్రంలో జన్యువులను చెడగొట్టే పదార్థాలు బాగా తగ్గాయి. మరుసటి ఏడు వెలువడిన ఎలుకల ప్రయోగంలో రెండో విడత ఎంజైములు చురుకెక్కాయి. ఇంతవరకు మూలకర్త మాట నిలుస్తుంది. కానీ క్యాన్సర్ తగ్గుతుందా అన్నది 16 మందితో, నెల రోజుల్లో తేలే సంగతి కాదు.

మిరియం = పసుపుకు తోడు. ఎలా తోడన్నదే చిక్కు. 1998లో వెలువడిన బెంగళూరు అధ్యయనంలో 2 గ్రాముల కర్కుమిన్ ఒక్కటే మింగినవారి రక్తంలో దాని జాడ దాదాపు లేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే లభ్యత 2000 శాతం పెరిగింది. కాలేయం కర్కుమిన్‌నూ పరాయిదిగానే చూసి ట్యాగు వేసి పంపేస్తుంది. పైపరిన్ ఆ ట్యాగు వేసే ఎంజైమును అణుస్తుంది. అంటే డిటాక్స్ షాట్‌లో పసుపును నిలబెట్టేది డిటాక్స్‌కు అడ్డుపడే దినుసు. ఇది విరోధాభాసం కాదు, విరోధమే.

అల్లం = పాదపూరణం.

రోజూ ఒక్కటి = మాత్రల ధోరణి. పండ్లు, కూరగాయలు బాగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా కనబడటంతో, వాటిలోని బీటా కెరోటిన్‌ను ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులతో మాత్రలుగా పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది: ఆ మాత్ర వేసుకున్నవారిలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. కౌంటర్‌లో షాట్ తాగి, గేటు బయట టీ బడ్డీ దగ్గర సిగరెట్ ముట్టించేవారు ఈ పదాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

ఒళ్లంతా క్లీన్ = కొలతకు అందని గుణం.

శంక: అయితే మొక్కల్లో పసలేదా?

సమాధానం: ఉంది, వంటింట్లో. బ్రోకలీలోని సల్ఫొరాఫేన్ రెండో విడత ఎంజైములను పెంచుతుందని 1992లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌కు చెందిన పాల్ తలాలే బృందం చూపింది. అది పుట్టాలంటే మైరోసినేజ్ అనే ఎంజైము కావాలి. ఎక్కువ వేడికి ఆ ఎంజైము నశిస్తుంది. ఉడికిన బ్రోకలీ మీద ఆవపిండి చల్లితే, ఆవాల్లోని మైరోసినేజ్ పుణ్యమా అని సల్ఫొరాఫేన్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుందని తరువాతి పరిశోధన. ఆవపెట్టిన కూరలో ఆవముద్దను పొయ్యి మీంచి దించాకే కలపడం తెలుగువారికి పాత అలవాటు. క్యాబేజీ కూడా బ్రోకలీ కుటుంబమే. చిటపటలాడిన పోపు ఆవాలకు మాత్రం ఈ శక్తి మిగలదు.

తాత్పర్యం: కౌంటర్‌లో ఘాటైన పానీయం ఒకటి దొరుకుతుంది. అందులోని దినుసులు కొన్ని ఎంజైములను లేపుతాయి, కొన్నిటిని జోకొడతాయి. మూర్ఛకు ఫెనిటోయిన్ వాడేవారి రక్తంలో పైపరిన్ ఆ మందు స్థాయిని పెంచగలదు కనుక, వారు గాఢమైన మిరియాల షాట్ రోజూ పుచ్చుకునే ముందు వైద్యుణ్ని అడగాలి. క్యాన్సర్ రాదన్న మాట మూలంలో లేదు. తాగేవారు అధ్యాహారం చేసుకుంటున్నారు.

పాఠాంతరం: కోవిడ్ కాలపు పలకల మీద ‘డిటాక్స్’ స్థానంలో ‘ఇమ్యూనిటీ’ అని ఉండేది. దినుసులు అవే.