బండి కట్టని తిరనాళ్ళేం తిరనాళ్ళు!

తిరనాళ్ళకి పోయి పూట తిరక్కముందే ఇల్లు చేరే మనుషుల్ని ఈ మధ్యే చూస్తున్నాను. తెల్లారగట్ల కారెక్కుతారు, ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ ఆగి ఫొటో దిగుతారు, శీఘ్రదర్శనం టిక్కెట్టు కొంటారు, కోటప్పకొండ మీది శివుడు కోటయ్యకి మొక్కీ మొక్కకుండానే కొండ దిగుతారు. "జనం రాకముందే వచ్చేశాం తాతయ్యా" అని అదేదో ఘనకార్యంలా చెబుతారు. ఒరే నాయనా, ఆ జనమేరా తిరనాళ్ళంటే! జనం లేకుండా చూడాలంటే కోటప్పకొండ ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది, ఎటూ పోదు. దానికి శివరాత్రి దాకా ఆగడం ఎందుకు?

మాది ఆ కొండకి దగ్గరి నరసరావుపేటకి ఇంకా ఎగువనున్న ఊరు. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు, 2022లో పెట్టారు గదా. మా చిన్నతనంలో అంతా గుంటూరు జిల్లానే. 1967లో నాగార్జున సాగర్ కాలవకి నీళ్ళొదిలారు. అంతకు ముందు మాదంతా మెట్ట. జొన్న, పత్తి, మిరప, పైన దేవుడు. మిరప కల్లం చూసి ఆ ఏడు తిరనాళ్ళకి చేతిలో ఎంత ఆడుతుందో ఇంట్లో ఆడవాళ్ళే లెక్క గట్టేవాళ్ళు. కాయ తాలు పోయిన ఏడు గాజులతో సరి. రేటు పలికిన ఏడు ఇత్తడి బిందె కూడా బండెక్కేది. ఇప్పుడు జేబులో డబ్బు ఎప్పుడూ ఉంటుంది, కొనడానికి ఊళ్ళోనే దొరకనిది లేదు. ఇంక తిరనాళ్ళలో దేనికోసం కళ్ళు కాయలు కాయాలి?

బండి సంగతి చెప్పాలి. పండగ వారం ఉందనగా మా నాయన ఇరుసుకి కందెన పెట్టేవాడు. వెదురు బద్దలు వంచి, పైన బొంతలు కప్పి గూడు కట్టేవాడు. ఎడ్లని చెరువులో తోమి, కొమ్ములకి రంగులేసి, మెడకి మువ్వల పట్టెడలు కట్టేవాడు. బండిలో అడుగున వరిగడ్డి, దాని మీద జంపఖానా, దాని మీద మేము. పెద్దవాళ్ళకి ఉపవాసం, మాకు మాత్రం పులిహోర, అరిసెలు. ఊరి పొలిమేర దాటేసరికి మా వెనక నాలుగు బళ్ళు, నరసరావుపేట రోడ్డెక్కేసరికి ఏ ఊరి బండి ఎక్కడ మొదలయిందో తెలియని వరస. "ఏం బావా, పిల్లలంతా కులాసానా?" అని బండి మీంచి బండికి పలకరింపులు. పిల్లనివ్వడాలూ చేసుకోవడాలూ సగం ఆ రోడ్డు మీదే తేలిపోయేవి. ఎడ్లకి అలుపొచ్చిన చోటల్లా ఆగాలి, నీళ్ళు పెట్టాలి. ఆగిన చోటల్లా ఒక కబురు. ఇప్పటి పిల్లలు అద్దాలెత్తుకుని ఏసీ వేసుకుని పోతారు. పక్క కారులో సొంత మేనమామ పోతున్నా హారన్ కొట్టి దాటిపోతారు.

కొండెక్కడమూ అంతే. మెట్ల దారిన "చేదుకో కోటయ్యా" అని అరుచుకుంటూ ఎక్కేవాళ్ళం. మా నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని నాలుగు మెట్లకోసారి కూలబడి గొల్లభామ కథ ఎత్తుకునేది. ఆనందవల్లి అనే గొల్లపిల్ల రోజూ కొండెక్కి స్వామిని కొలిచేదట. నీళ్ళు తెచ్చుకుంటే కాకి వచ్చి కుండ దొర్లించిందట. ఈ కొండ మీద కాకి వాలకూడదని ఆవిడ శాపం పెట్టిందట. నిండు చూలాలయ్యాక ఇంక ఎక్కలేను, నువ్వే దిగి రా అని స్వామిని అడిగితే, వెనక్కి చూడకుండా నడువు, నీ వెనకే వస్తానన్నాడట. ఆమె చూసింది. ఆయన అక్కడే లింగమయ్యాడు, ఆమె శిలయింది. కథ అయిపోయేసరికి మేము గొల్లభామ గుడి దగ్గరికొచ్చి ఉండేవాళ్ళం. మాకూ వెనక్కి తిరగాలంటే భయమేసేది, తల పైకెత్తితే కాకుల కోసం వెతకడమే. ఘాట్ రోడ్డు మీద కారు మలుపు తిరిగేలోగా ఏ నాయనమ్మ ఏ కథ చెప్పగలదు? మోకాళ్ళ నొప్పులున్న ముసలివాడిగా ఆ రోడ్డు మీదే ఎక్కుతున్నాను, అది వేరే సంగతి.

ఇక ప్రభలు, అంటే మొక్కు కోసం దుంగలతో, వెదుళ్ళతో ఎత్తుగా కట్టి తిరనాళ్ళకి నడిపించుకుపోయేవి. బయటి జిల్లాల వాళ్ళు వినే ఉంటారు గానీ, కింద నిలబడి తలెత్తి చూస్తే తప్ప ఆ ఎత్తు అర్థం కాదు. ఊరి మీద మొక్కు ఉంటే ఊరే ప్రభ కట్టేది. సంక్రాంతి దాటగానే సరుగుడు దుంగలు, వెదుళ్ళు తెచ్చి పడేసేవాళ్ళు. దుంగకి దుంగ తాళ్ళతో బిగించడానికి ఒకళ్ళు, గుడ్డ చుట్టడానికి ఒకళ్ళు, రంగు కాగితాలూ అద్దాలూ అతికించడానికి మా బోటి పిల్లకాయలు. లేపి నిలబెట్టే రోజు ఊళ్ళో మగాళ్ళంతా అక్కడ ఉండాల్సిందే. నాలుగు మూలలా మోకులు పట్టుకుని, ఒరిగితే ఇటు లాగు, అటు వదులు అని కేకలేసుకుంటూ, దారంతా దాన్ని పసిపిల్లని నడిపించినట్టు నడిపించుకుపోయేవాళ్ళు. ఎద్దులు లాగలేని చోట మనుషులు భుజం పట్టేవాళ్ళు. అప్పటిదాకా ఏడాదంతా గట్టు తగాదాతో మొహాలు చూసుకోనివాళ్ళు కూడా ఒకే మోకు పట్టుకోవాల్సి వచ్చేది. వదిలేస్తే పడేది వాళ్ళ నెత్తి మీదే మరి!

ఇప్పుడు ప్రభలు తగ్గాయా అంటే లేదు. చిలకలూరిపేట పక్క పురుషోత్తమపట్నం, కావూరు, యడవల్లి లాంటి ఊళ్ళ నుంచి కరెంటు ప్రభలు వస్తాయి. ఎనభై తొంభై అడుగులకి పైమాటే. వాటికి దారివ్వడానికి కరెంటోళ్ళు తీగలు కూడా విప్పుతారు. చీకట్లో పొలాల మీదుగా అవి వరసగా కదిలొస్తుంటే నా బోటి సణుగుడుగాడు కూడా నోరు మూసుకుంటాడు. కానీ క్రేను లేపుతుంది, ట్రాక్టరు లాగుతుంది, జనరేటరు వెలిగిస్తుంది. లైటింగు ఎక్కడి నుంచో మాట్లాడుకొచ్చిన మనిషిది. ఊరివాళ్ళ పని చందా ఇవ్వడం, ఫోను పైకెత్తి పట్టుకోవడం. శివుడి బొమ్మ ఒక మూలన ఉంటుంది, హీరోలూ నాయకులూ మధ్యలో ఉంటారు. డీజే మోతకి పక్కవాడు ఏమన్నాడో తెలీదు, తిట్టినా నవ్వేసి తల ఊపాలి.

ఈ ముక్కలన్నీ నేను అరుగు మీద కూర్చుని చెబుతుంటే లోపలి నుంచి మా ఆవిడ అందుకుంటుంది. "మీకేం, మోకు పట్టుకుని మీసం దువ్వారు. ఆడవాళ్ళం దొడ్డికి పోవాలంటే చీకటి పడేదాకా ఆగాం. చంకలో పిల్ల, నెత్తిన నీళ్ళ బిందె. కలరా సూదులకి చెయ్యి వాచిపోయి జ్వరంతో తిరిగొచ్చాం. కుళాయిలొచ్చాయి, మరుగుదొడ్లొచ్చాయి. నాకు ఇప్పటి తిరనాళ్ళే బాగుంది." దీనికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఆవిడ వినేట్టు మాట్లాడను.

కొట్ల దగ్గరికి పోదాం. జీళ్ళు, పేలాలు, ఖర్జూరం, చక్కెర చిలకలు, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు బండికి కట్టిన చెరకు గడలు. కర్ర గుర్రాల రంగులరాట్నాన్ని మనిషే తోసేవాడు. వాడికి జాలేస్తే ఇంకో రెండు చుట్లు ఊరికే తిప్పేవాడు. మోటారుకి జాలేముంటుంది? చెక్కల బావిలో గోడ మీద మోటారు సైకిలు తిప్పేవాడిని చూసి, ఆడు మనిషి కాదురా అనుకునేవాళ్ళం. ఫొటో స్టూడియోలో అట్ట విమానంలో కూర్చుని దిగిన నా ఫొటో ఇప్పటికీ ఉంది. నా పిల్లలు నిజం విమానాలెక్కి అమెరికా పోయారు, ఆ ఫొటోలో నాకున్న డాబు మాత్రం వాళ్ళకి రాలేదు.

రాత్రికి జాగారం. హరిశ్చంద్ర నాటకం. కాటి సీనులో పద్యం ఎత్తుకుంటే, రాగం తీసినంతసేపు తీసి దించగానే "వన్స్ మోర్" అని కేకలు. నటుడు మళ్ళీ పాడాల్సిందే. శవం వేషం వేసిన కుర్రాడు దోమ కుడుతున్నా కదలకుండా పడి ఉండాల్సిందే. తర్వాత్తర్వాత ఆ వేదికల మీదికి రికార్డింగు డాన్సులొచ్చాయి. వాటి గురించి నేను రాయను. రాస్తే, చూడబట్టే గదా తెలిసింది అంటారు.

అయితే మా కాలంలో అంతా శాంతం, అంతా ధర్మం అని కొందరు నా ఈడు వాళ్ళు కోస్తుంటారు చూశారూ, అది ఒట్టిది. తిరనాళ్ళలో తలలు పగలని ఏడు తక్కువ. 1909 శివరాత్రి నాడు ఇదే కోటప్పకొండ దగ్గర పోలీసులకీ జనానికీ పెద్ద గొడవ జరిగింది. ఆ కేసులో చిన్నపరెడ్డి అనే ఆయన్ని తెల్లదొరలు ఉరితీశారు. మా తాత తరం ఆ కథ పాటగా పాడుకునేది. మేము బుర్రకథగా విన్నాం. నా మనవళ్ళని అడిగితే చిన్నపరెడ్డి ఏ సినిమాలో అన్నారు.

ఒక్క ఎడ్ల పందాల దగ్గర మాత్రం నేను పెద్దగా సణగను. బండలాగుడు ఇప్పటికీ బండలాగుడే. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పళ్ళు చూసే విభాగాలు. ఇచ్చిన టైములో ఎంత దూరం లాగితే అంత. ఒంగోలు జాతి గిత్త మూపురం బిగించి కాళ్ళు భూమిలో నాటిందంటే, హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్ళు కూడా ఫోను జేబులో పెట్టి అరుస్తారు. సేద్యంలో ఎడ్లు లేవు, ట్రాక్టర్లే. అయినా పిల్లల కన్నా ఎక్కువగా గిత్తలకి ఉలవలు ఉడకేసి పెట్టి మేపే రైతులు ఇంకా మిగిలారు. ఎక్కడ పందాలు జరిగినా మావాళ్ళు నన్ను కారెక్కించుకుని తీసుకుపోతారు, ముందు వరసలో కుర్చీ వేయిస్తారు. ఆ మైకులో వ్యాఖ్యానం చెప్పేవాడు కాసేపు ఊపిరి తీసుకుంటే ఇంకా బాగుంటుంది. గిత్త కంటే వాడే ఎక్కువ రొప్పుతున్నాడు.