కుక్కపిల్లకి కూడా దరఖాస్తా?

మా రోజుల్లో బరంపురంలో కుక్క కోసం ఎవరూ వెతుక్కుంటూ వెళ్ళేవారు కాదు. చలి మొదలయ్యాక ఏ అరుగు కిందో ఒక తల్లి ఈనేది. కళ్ళు తెరిచిన కూనలు వీధంతా దొర్లేవి. వాటిలో ఒకటి మన గుమ్మం దగ్గర ఆగిపోయేది, ఇక అది మనదే. మనది అంటే మన ఒక్కరిదీ కాదు. పొద్దున మా ఇంట గంజి తాగేది. మధ్యాహ్నం పక్కనున్న ఒడియావాళ్ళింట పఖాళ్ అనే చద్దన్నం మెతుకులు తినేది. రాత్రి ఎవరింట ఉప్పుచేప కూర ఉడికితే వాళ్ళ పెరటి గుమ్మం ముందు కూర్చునేది. మేం రాజు అని పిలిచేవాళ్ళం, వాళ్ళు కాళియా అనేవాళ్ళు, రెండు పేర్లకీ తోక ఊపేది. దేశిబెహరా వీధి వైపు పట్టు నేసే ఇళ్ళల్లో అయితే గుంటమగ్గం పక్కనే పడుకునేవి. నేతకి కూర్చునేవాళ్ళు వాటిని అదిలించకుండా దాటుకుని వెళ్ళేవాళ్ళు.

ఆ కుక్క మంచిచెడ్డలు వీధి చూసుకునేది. ఏ కుర్రాడైనా రాయి విసిరితే, వాడు ఎవరింటి పిల్లాడని చూడకుండా దగ్గర్లో ఉన్న పెద్దావిడ చెవి మెలేసేది. భారతం మొదట్లోనే సరమ కథ వస్తుంది. యాగం జరిగేచోట ఆడుకుంటున్న తన బిడ్డని జనమేజయుడి తమ్ముళ్ళు ఊరికే కొట్టారని, దేవతల కుక్క సరమ రాజు ముందుకొచ్చి నిలదీస్తుంది. పురాణ కాలక్షేపాల్లో ఆ కథ వింటూ పెరిగిన ఆడవాళ్ళు మా వీధిలో ఉండేవారు. నోరులేనిదాన్ని కారణం లేకుండా కొడితే తగులుతుందని వాళ్ళు గట్టిగా నమ్మేవారు. ఏ ఇంటివాళ్ళయినా ఇల్లు ఖాళీచేసి ఊళ్ళోనే హిల్‌పట్నాకో గోసానినువాగాఁవుకో పోతే, కుక్కనేం చెయ్యాలన్న బెంగే లేదు. మిగతా ఇళ్ళు ఉన్నాయి కదా.

ఇప్పుడు ఆ వీధులు అవే, పేర్లు అవే. అరుగులు కొట్టేసి మోటారుసైకిళ్ళకి జాగా చేసుకున్నారు. ప్రతి ఇంటికీ ఇనపగేటు. మిగిలిన అన్నం ప్లాస్టిక్ సంచిలో ముడివేసి పారేస్తున్నారు, కుక్క ఆ సంచితో సహా మింగి చస్తోంది. పైన నాలుగంతస్తుల ఫ్లాట్లలో ఉన్నవాళ్ళకి కింద తిరిగే కుక్క ఏ రంగో కూడా తెలియదు. అయినా కుక్క కావాలన్న కోరిక మాత్రం మనుషుల్లో పోలేదు. అందుకని ఫోన్లో ఫొటోలు చూస్తారు, దరఖాస్తు పెడతారు.

మా తమ్ముడి మనవరాలు అలాగే పెట్టింది. బ్యాంకులో ఉద్యోగం, మొగుడు లెక్చరరు, ఫ్లాటులో కాపురం. వీధి కుక్కల్ని కాపాడే సంస్థ దగ్గర ఒకదాన్ని దత్తత తీసుకుంటామని ఆ కాగితాలు నాకు చూపించింది. చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే యజమాని రాసిచ్చిన అనుమతి ఉందా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? రోజులో ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది? రాత్రి ఎక్కడ పడుకుంటుంది? గొలుసుతో కట్టేస్తారా? ఇంతకు ముందు పెంచిన కుక్క ఏమైంది? ఆధార్ కార్డు నకలు జతచెయ్యాలి. "తాతయ్యా, ఇంటికొచ్చి చూస్తారట కూడాను" అంది. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని అడగరమ్మా అన్నాను.

కాగితాలు అక్కడ పెట్టేసి రెండు రోజులు ఆలోచించాను. ఆ ప్రశ్నల్లో ఒక్కటీ కొత్తది కాదు. కొట్టకు, కట్టెయ్యకు, ఊరెళ్ళేటప్పుడు ఎవరికైనా చెప్పి వెళ్ళు అని మా వీధి పెద్దవాళ్ళు ఎవరూ అడక్కుండానే చెప్పేవారు. ఆ మాట చెప్పే మనిషి వీధిలో లేకుండా పోయాడు కాబట్టి కాగితం వచ్చింది. నా కోపం అందుకే. కాగితం పెట్టినవాళ్ళ మీద నాకు కోపం లేదు.

వాళ్ళు ఎందుకు అడుగుతున్నారో గోపాల్‌పూర్ బీచ్ రోడ్డు మీద ఓ సాయంత్రం నడిస్తే తెలుస్తుంది. మెడకి పట్టీ, ఒంటినిండా గోమార్లు, ఎవరు పిలిస్తే వాళ్ళ వెనక వెళ్ళే పెద్దజాతి కుక్క కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు వేలు పోసి కొన్నారు. పెరిగాక తిండి ఖర్చు, వెంట్రుకలు, మొరుగుడు, పైగా బదిలీ. కారులో తెచ్చి హైవే పక్కన దించేసి పోతారు. సైబీరియా మంచులో బళ్ళు లాగే హస్కీని బరంపురం మే నెలలో, ఆ ఉప్పుగాలి ఉక్కలో, మూడో అంతస్తులో పెట్టుకోవాలని ఎవరికి తోచిందో నాకు అర్థం కాదు. మా రోజుల్లో డబ్బు పెట్టి కుక్కని కొన్నవాళ్ళు ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది, అలా కొని వదిలేసినవాళ్ళని నేను ఎరగను. ఇలా వదిలేసిన జీవాల్ని ఎత్తుకొచ్చి, గోమార్లు తీయించి, మందులిప్పించి మళ్ళీ ఇంకొకరికి అప్పగించేవాడు, ఈసారైనా ఇది రోడ్డున పడదా అని అడగడా?

అలాగని మా రోజులన్నీ బంగారమని చెప్తే అది అబద్ధం. ఊళ్ళో కుక్కలు ఎక్కువయ్యాయంటే మునిసిపాలిటీ మనుషులు విషం కలిపిన ముద్దలు వేసేవారు, పొద్దున్నే బండిలో ఎత్తుకుపోయేవారు. ఆడకూనలు ఎవరికీ అక్కరలేదు. గోనెసంచిలో పెట్టి రైలుకట్ట అవతల వదిలేసినవాళ్ళు మంచి ఇళ్ళవాళ్ళే. పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ మందు కోసం, మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1907లో కూనూరులో పెట్టిన పాశ్చర్ సంస్థ వైపు చూసేవారు. నీళ్ళు చూసి భయపడుతూ పోయిన పిల్లాణ్ణి నా చిన్నప్పుడు చూశాను, ఆ కేక ఇప్పటికీ చెప్పలేను. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులు చాలు, ఎం.కె.సి.జి. ఆసుపత్రిలో వేస్తారు. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో పావుగంట కడగాలని అందరికీ తెలియాలి. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడోవంతుకు పైగా మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి టీకా కార్డు లేకుండా కుక్కని ఇవ్వం అని సంస్థవాళ్ళు భీష్మించుకు కూర్చుంటే నేను వాళ్ళ పక్షమే.

విషపు ముద్దల నుంచి దత్తత కాగితాల దాకా ఈ మార్పు ఊరికే రాలేదు. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టబట్టి 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది, 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడితే ఆమే తొలి అధ్యక్షురాలు. కుక్కల్ని చంపొద్దు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి దొరికిన చోటే వదలండి అని మద్రాసులో బ్లూ క్రాస్‌వాళ్ళు 1964లోనే చెప్పారు. అక్కడి కార్పొరేషన్ ఊరంతటికీ ఆ పద్ధతి ఒప్పుకునేసరికి 1996 అయింది. అదే ఏడు విశాఖపట్నంలో విశాఖ జంతు సంరక్షణ సొసైటీ మొదలైంది, మనకి రైల్లో నాలుగైదు గంటల దూరం. 2001లో దేశమంతటికీ నియమాలు వచ్చాయి, 2023లో వాటిని మళ్ళీ రాశారు. మండలి 2022లో వీధి జంతువుల దత్తతకి కూడా ఒక పద్ధతి రాసిపెట్టింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధి కుక్కల మీద ఇచ్చిన ఉత్తర్వులో దత్తత మాట ఉంది. కావలసినవాళ్ళు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, అయితే తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్ళదే అని.

మళ్ళీ వీధిలోకి రాకూడదు! ఆ వాక్యం చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. మా రాజుకి ఇల్లు ఎక్కడ అయిపోతుందో వీధి ఎక్కడ మొదలవుతుందో తెలియదు, మాకూ తెలియదు. ఆ రెంటి మధ్య గోడ కట్టింది మనం. కట్టాక, గోడకి ఏ పక్క ఉంటావని కుక్కని అడుగుతున్నాం. అయినా ఇప్పుడున్న రోడ్లమీద, ఆ లారీల మధ్య, కోర్టు అంతకన్నా వేరుగా చెప్పలేదని ఒప్పుకోక తప్పదు.

మనవరాలి సంగతికొస్తాను. మా ఊళ్ళో కుక్కల్ని కాపాడే ఈ పని మోస్తున్నది ఎక్కువగా ఉద్యోగాలు, చదువులు చేసుకుంటున్న కుర్రాళ్ళు. గాయపడ్డ కుక్కని తెచ్చి, చోటు లేకపోతే తమ ఇంటి డాబా మీదో వరండాలోనో నెలల తరబడి ఉంచుతారు. ఫోస్టర్ అంటారు దాన్ని. ఖర్చు వాళ్ళ జీతాల్లోంచే. కుక్కకి ధర ఉండదు, టీకాలకీ ఆపరేషన్‌కీ అయినదాంట్లో కొంత ఇస్తే తీసుకుంటారు. రాయించుకునే ఒప్పందంలో ఉన్నవి ఇవి: అమ్మకూడదు. ఈనించకూడదు. చిన్నపిల్ల అయితే వయసు రాగానే ఆపరేషన్ చేయించాలి. ఏటేటా రేబిస్ టీకా వేయించాలి. వల్ల కాకపోతే రోడ్డున వదలకుండా, ఇంకెవరి చేతుల్లోనో పెట్టకుండా, తిరిగి సంస్థకే అప్పగించాలి. కొన్నాళ్ళపాటు ఫొటోలు పంపాలి, వాళ్ళు చూడ్డానికి వస్తే రానివ్వాలి. ఆ చివరిదానికి జనం గొడవపడతారట, మా ఇంటికి మీరెవరు రావడానికి అని. మా రోజుల్లో పక్కింటావిడ వంటింటిదాకా వచ్చి కుక్కకి అన్నం పెట్టారా అని అడిగేది, ఎవరూ తప్పుపట్టలేదు.

అంతకన్నా నన్ను బాధపెట్టిన సంగతి ఒకటుంది. ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమందికి రెండు నెలల పిల్లే కావాలి, మగదే కావాలి, తెల్లగానో బంగారు రంగులోనో ఉండాలి. లాబ్రడార్ ఉందా అని అడిగి, లేదంటే పెట్టేస్తారు. నల్లవి, ఆడవి, వయసొచ్చినవి, ఓ కాలు పోయినవి అలాగే ఉండిపోతున్నాయి. ఆడకూనని సంచిలో కట్టిన ఆ పాత బుద్ధి మనల్ని ఇంకా వదల్లేదు. నిజానికి ఉద్యోగాలకి పోయేవాళ్ళ ఇంటికి పెద్ద కుక్కే నయం. దాని స్వభావం అప్పటికే తెలుస్తుంది, పార్వో, డిస్టెంపర్ లాంటి కూనల్ని తీసుకుపోయే జబ్బుల గండం చాలావరకు దాటి ఉంటుంది. మన ఎండకి, మన వానకి పుట్టిన దేశవాళీ కుక్కకి ఏసీ గది అక్కరలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు లక్షలమందిని ముందే తరలించారు, కుక్కలు వెనకే ఉండిపోయాయి. చెట్లు కూలి, రేకులు ఎగిరిపోయిన ఆ వీధుల్లో తెల్లారేసరికి గుమ్మాల ముందు మళ్ళీ కూర్చుని ఉన్నవి ఈ జాతివే.

ఈ మాటలన్నీ మనవరాలికి చెప్పాను. అది ముందు కూననే అనుకుంది. ఆ కుర్రాళ్ళ డాబా మీదకి వరసగా మూడు ఆదివారాలు వెళ్ళొచ్చాక, రెండేళ్ళ నల్ల ఆడకుక్కని చూసుకుంది. ఆపరేషన్ అయిన గుర్తుగా చెవి కొసన గాటు ఉంది. మొదటిసారి మూలనుంచి కదల్లేదు, మూడోసారి వచ్చి మనవరాలి చెప్పు వాసన చూసింది. మూడు రోజుల్లో భయం తగ్గుతుంది, మూడు వారాల్లో ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనుకుంటుంది అని సంస్థవాళ్ళు ఒక లెక్క చెప్పారట. ఆ లెక్క నాకు నచ్చింది. తెచ్చిన రోజే చుట్టాలందర్నీ పిలిచి ఎత్తుకోమనొద్దని మనవరాలికి మరీమరీ చెప్పాను.

ఫ్లాటువాళ్ళ సంఘం అడ్డం తిరిగింది. కుక్క వద్దు, లిఫ్టులో అసలే వద్దు అన్నారు. అపార్టుమెంట్లలో పెంపుడు కుక్కని నిషేధించే హక్కు సంఘాలకి లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే రాసింది. ఆ కాగితం ముద్రించి పట్టుకెళ్ళమన్నాను, నేనూ వెంట వెళ్ళాను. గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఒకాయన తండ్రి మా పాత వీధివాడే. మీ నాన్న తన పళ్ళెంలోంచి తీసి పెట్టేవాడు బాబూ, ఆయన్ని అడుగు అన్నాను. ఆయన మాట్లాడలేదు, మిగతావాళ్ళు టీకా కార్డు నకలు ఇస్తే చాలన్నారు.

ఇంటి తనిఖీకి వచ్చిన అమ్మాయి బాల్కనీ కమ్మీల మధ్య సందు ఎక్కువుందని వల వేయించమంది. వంటగదిలో ఎలకల మందు ఎక్కడ పెడతారని అడిగింది. మీరిద్దరూ ఊళ్ళో లేనప్పుడు ఎవరు చూస్తారని రాయాల్సిన గడి ఖాళీగా ఉంటే వేలు పెట్టి చూపించింది. మా వీధిలో ఆ గడిలో రాయాలంటే ఇరవై ఇళ్ళ పేర్లు పట్టేవి కావు. ఈ ఫ్లాట్లలో ఎదుటింటివాళ్ళ పేరు కూడా మనవరాలికి తెలియదు. ముందు వెళ్ళి తలుపు కొట్టి అడిగి రా అన్నాను. వెళ్ళింది. ఆవిడ పర్లాకిమిడి మనిషి, చిన్నప్పుడు ఇంట్లో కుక్కలుండేవట, సంతోషంగా ఒప్పుకుంది. ఆవిడ పేరు, కింద నా పేరు రాశారు. వల వేసేవాడు గురువారం వస్తానన్నాడు, అది అయ్యాక ఆదివారం తీసుకెళ్ళమని సంస్థవాళ్ళు చెప్పారు.