చిల్లు పెట్టడం తేలిక, కలపడమే కష్టం

బోర్డులు గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో గీత గీస్తూ గీస్తూ 'వి' మీట నొక్కితే చాలు, పై పొరలోని రాగి దారి కింది పొరలోకి దిగిపోతుంది. అక్కడ పడే చిన్న గుండ్రం పేరు వయా. తెర మీద దానికి ఖర్చేమీ లేదు. అందుకే ఇంట్లో సర్క్యూట్ బోర్డు చేసుకునే ఔత్సాహికుడు తొలి డిజైన్‌లో అక్షింతలు చల్లినట్టు వయాలు చల్లేస్తాడు.

లెక్క తర్వాత తేలుతుంది.

బోర్డు మీద వయా అంటే చిల్లు, దాని గుండా పై రాగినీ కింది రాగినీ కలపాలి. ఫ్యాక్టరీలో ఆ పని రసాయనాలు చూసుకుంటాయి. చిల్లు లోపలి గోడ గాజుపీచు, ఎపాక్సీ. కరెంటుకు గిట్టని సరుకు. దానికి పల్లేడియం తగిలించి, పైన పల్చగా రాగి పట్టించి, ఆనక విద్యుత్ తొట్టిలో ముంచి ఆ రాగిని 25 మైక్రాన్ల దాకా పెంచుతారు. ఇదంతా ప్లాస్టిక్ టబ్బులో చేయబూనే సాహసులూ లేకపోలేదు. అక్కర్లేని రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ మరకలకే ఇంట్లో సగం పరువు పోగొట్టుకున్నవాడు ఆ జోలికి పోకపోవడం మంచిది.

ఇక దిక్కు రెసిస్టర్ కాలు. కత్తిరించి పారేసిన కాళ్లకు గిరాకీ వచ్చేది ఇక్కడే. 1.6 మిల్లీమీటర్ల మందం బోర్డుకు 0.8 చిల్లు పెట్టి, కాలు ముక్క దూర్చి, పైనా కిందా టంకం వేస్తే వయా సిద్ధం. వినడానికి ఇంతే. పైన వేసి, బోర్డు తిప్పి, కింద ఐరన్ ఆనించగానే వేడి తీగ వెంట పాకి మొదటి టంకాన్ని మళ్లీ కరిగిస్తుంది. ముక్క టేబుల్ కిందికి జారుకుంటుంది. అతను మోకాళ్ల మీద వెతుకుతుంటే "ఏం పోయిందండీ?" అని వంటింట్లోంచి ప్రశ్న. "వయా" అని జవాబు. ఆ తర్వాత సంభాషణ సాగదు.

చెయ్యి తిరిగినవాళ్లు ముక్కలు చెయ్యరు. పొడుగు తీగనే చిల్లులోంచి చిల్లులోకి దూర్చుకుంటూ పోయి, టంకాలన్నీ అయ్యాక మధ్యలో కత్తిరిస్తారు. బుల్లి రాగి రివెట్లూ ఉన్నాయి గానీ, వాటికి పట్టకారు, భూతద్దం, తుమ్మని ముక్కు కావాలి.

ఐసీ బేస్ బాధ వేరు. దాని కాళ్లే రెండు వైపులనూ కలపాలి, కానీ దాని ప్లాస్టిక్ ఒళ్లు బోర్డుకు ఆనుకుని కూర్చుంటే పై వైపు ఐరన్ మొన దూరదు. కోఠీ గుజరాతీ గల్లీలో గుండ్రటి పిన్నుల బేస్ అడిగి కొనుక్కుంటే కాస్త నయం, దాని కింద సన్నటి సందు ఉంటుంది.

ఇన్ని పాట్లు పడ్డాక గీసే రెండో డిజైన్ తీరే వేరు. రెండు డజన్ల వయాలు నాలుగుకు దిగుతాయి. ఆ నాలుగింటి బదులు రెండు జంపర్ తీగలు వేస్తే పైవైపు రాగితోనే పనిలేదు. రెండు వైపులా రాగి ఉన్న బోర్డుకు ఎక్కువ పెట్టిన డబ్బు మాత్రం షాపువాడు వెనక్కివ్వడు.