సిస్టమ్ కాల్ రాసేవాళ్లు వినకూడని ఐదు సలహాలు

ప్రోగ్రామ్ సిస్టమ్ కాల్ ద్వారా కెర్నల్‌ని ఫైలు తెరవమని అడిగేటప్పుడు, ఎలా తెరవాలో ఫ్లాగులతో చెబుతుంది. చాలామటుకు ఒక్కో ఫ్లాగూ ఒక్కో బిట్. కొత్త ఫ్లాగు చేర్చే రోజున ఇద్దరి సంగతి చూడాలి: కొత్త కెర్నల్ మీద నడిచే పాత ప్రోగ్రామ్, పాత కెర్నల్ మీద నడిచే కొత్త ప్రోగ్రామ్. ఈ పనిలో తరచూ వినపడే సలహాలు ఐదున్నాయి. ఐదూ తప్పే. అందుకు లినక్స్ చరిత్రే సాక్ష్యం.

1. "తెలియని బిట్ వస్తే పట్టించుకోకు, పని కానివ్వు."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన సలహా ఇదే. లినక్స్‌లో ఓపెన్ కాల్ తనకు తెలియని ఫ్లాగులకు మొదటినుంచీ గంగిరెద్దులా తలూపింది. 2007లో, 2.6.23 కెర్నల్‌తో, ఓ_క్లోఎగ్జెక్ వచ్చింది. ఫైలు తెరిచిన ప్రోగ్రామ్ స్థానంలో మరో ప్రోగ్రామ్ మొదలవగానే ఫైలు దానంతటదే మూసుకోవాలని దాని అర్థం. పాత కెర్నల్‌కి ఆ ఫ్లాగు ఇస్తే తప్పు చెప్పకుండా ఫైలు తెరిచి చేతికిచ్చేది. రక్షణ ఉందని ప్రోగ్రామ్ నమ్మేది, ఫైలేమో పరాయి ప్రోగ్రామ్‌కి అందేది. తెరిచాక ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే కాల్‌తో మళ్లీ అడిగి చూసుకుంటే తప్ప ఆ సంగతి బయటపడదు. తెలియని బిట్‌ని ఈఇన్‌వాల్, అంటే "ఇది చెల్లదు" అనే ఎర్రర్‌తో తిప్పి పంపడమే మర్యాద.

2. "ఇప్పటికి వదిలెయ్, తనిఖీ తర్వాత పెడదాం."

ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు. ఎక్కడో ఒక ప్రోగ్రామ్ ఆ బిట్లలో చెత్త పంపుతూనే ఏళ్లుగా నడుస్తూ ఉంటుంది. తనిఖీ పెట్టిన రోజున అది ఆగిపోతుంది. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని కెర్నల్ చెడగొట్టకూడదన్నది లైనస్ టోర్వాల్డ్స్ పట్టుబట్టి నిలబెట్టిన నియమం. మౌనం అర్ధాంగీకారం అంటాం. కెర్నల్ మౌనం మాత్రం పూర్తి అంగీకారమే. ఫైలుని మెమరీలోకి మ్యాప్ చేసే ఎమ్‌మ్యాప్ కాల్ కూడా ఇలాగే ఇరుక్కుంది. చివరికి 4.15లో, ఫ్లాగులను తనిఖీ చెయ్యమని అడగడానికే మ్యాప్_షేర్డ్_వ్యాలిడేట్ అనే కొత్త రకాన్ని చేర్చాల్సివచ్చింది.

3. "ఇప్పుడు అవసరం లేదుగా, ఫ్లాగుల ఆర్గ్యుమెంట్ ఎందుకు?"

పైప్, డప్2, ఐనోటిఫై_ఇనిట్ కాల్స్‌కి ఆ చోటు లేకపోవడం వల్లే 2008లో 2.6.27తో పైప్2, డప్3, ఐనోటిఫై_ఇనిట్1 పుట్టాయి. రీనేమ్ఎట్‌కీ అదే గతి పట్టి, 2014లో రీనేమ్ఎట్2 వచ్చింది. కాపీ_ఫైల్_రేంజ్‌ని చూడండి: దానికి ఫ్లాగుల చోటు ఉంది, కానీ అందులో సున్నా తప్ప ఇంకేమిచ్చినా ఒప్పుకోదు. గది కట్టి తాళం వేసిపెట్టారన్నమాట. కావలసిన రోజున తాళం తీస్తే చాలు.

4. "కెర్నల్ వెర్షన్ నంబరు చూసి నిర్ణయించుకో."

ఎంటర్‌ప్రైజ్ డిస్ట్రిబ్యూషన్లు కొత్త సదుపాయాలను పాత నంబరున్న కెర్నల్‌లోకే తెచ్చిపెడతాయి. అందుకే నంబరుని నమ్మలేం. కాల్ చేసి చూడండి, వచ్చిన ఎర్రర్‌ని బట్టి పాత దారి పట్టండి. అయితే ఆ ఎర్రర్ నిజం చెప్పాలి. 2021లో సి లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.34, థ్రెడ్లు పుట్టించడానికి క్లోన్3 అనే కొత్త కాల్‌ని వాడటం మొదలుపెట్టింది. కొన్ని కంటైనర్ల ఫిల్టర్లు "అలాంటి కాల్ లేదు" అనే ఈనోసిస్‌కి బదులు, "నీకు అనుమతి లేదు" అనే ఈపెర్మ్ ఇచ్చాయి. దాంతో జీలిబ్‌సీ పాత క్లోన్‌కి తిరిగి వెళ్లలేదు, థ్రెడ్లు పుట్టలేదు.

5. "పాత కెర్నల్‌తో మనకేం పని?"

దీనికి జవాబు 2013లో 3.11తో వచ్చిన, పేరులేని తాత్కాలిక ఫైలు తెరిచే ఓ_టిఎమ్‌పిఫైల్ ఫ్లాగు. ఓపెన్ తెలియని బిట్లను వదిలేస్తుందని దాన్ని రాసినవాళ్లకు తెలుసు. అందుకే ఆ ఫ్లాగులోనే ఓ_డైరెక్టరీని కలిపారు, రాసే అనుమతి కూడా అడిగి తీరాలన్నారు. డైరెక్టరీని రాయడానికి తెరవమంటే పాత కెర్నల్ ఎలాగూ కుదరదంటుంది. అలా, కాదనడం రాని కాల్ చేతే కాదనిపించారు. ముందుచూపంటే అది.

2020లో 5.6తో వచ్చిన ఓపెన్ఎట్2 తెలియని ఫ్లాగు కనిపిస్తే నిక్కచ్చిగా కాదంటుంది. మీరు రాసే కాల్‌లోనూ మొదటి రోజే ఆ ఒక్క వరుస ఉండాలి: నాకు తెలిసిన బిట్లు కాక ఇంకేదున్నా ఈఇన్‌వాల్. పదేళ్ల తర్వాత అక్కడ కొత్త ఫ్లాగు చేర్చాల్సినవారికి, ఆ బిట్ ఇంకా ఎవరూ తాకకుండా మిగిలి ఉంటుంది.