ఊపిరి కొలిచేదాన్ని

నేను స్పైరోమీటర్‌ని. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు లోకానికి చూపిన నీళ్లతొట్టి యంత్రం మా వంశానికి పెద్ద. నేను బల్లమీద ఇమిడిపోతాను. విజయవాడలో ఒక ఛాతీ డాక్టరమ్మ దగ్గర నా కొలువు. ఎవరొచ్చినా వయసు, ఎత్తు, ఆడా మగా అన్నవి చెబితే, ఎంత ఊదగలగాలో లెక్కగట్టి, ఎంత ఊదారో పక్కన చూపిస్తాను.

ఆ రోజు ఒక పదిహేనేళ్ల పిల్ల వచ్చింది. ముక్కుకు క్లిప్పు, నోట్లో అట్టగొట్టం. "నిండా పీల్చు. ఊదు! ఊదు తల్లీ, ఇంకా, ఇంకా, ఆపకు!" టెక్నీషియన్ గొంతు గదంతా మోగింది. మంచి ఊపిరికి నా తెరమీద గీత నిటారుగా లేచి, తిన్నగా వాలుతుంది. ఈ పిల్ల గీత మధ్యలో గుంటపడి, ఈడ్చుకుంటూ దిగింది. మొదటి సెకనులో రావలసినంత గాలి రాలేదు. సాల్బుటమాల్ ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. గుంట అలాగే ఉంది. ఆస్తమా అని ఏళ్లుగా పీలుస్తున్న మందే అది.

"ఎన్నో నెలలో పుట్టిందమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

"ఏడో నెలండీ. ఇరవై ఎనిమిది వారాలన్నారు. బాక్సులో పెట్టారు, గొట్టం కూడా వేశారు. ఎప్పటి మాటో కదా అని ఎక్కడా చెప్పలేదండీ."

ఆ తల్లిని తప్పుపట్టలేను. ఆ మాట నన్ను తయారుచేసినవాళ్లే అడగమనలేదు. వయసు పక్కన పుట్టిన వారాలకూ ఒక గడి ఉండాలని నా గట్టి కోరిక.

ఎందుకంటే, 28 వారాలకు ఊపిరితిత్తుల్లో గాలిగదులు సరిగా ఏర్పడనే ఏర్పడవు. అవి తడిసిన ప్లాస్టిక్ సంచిలా అతుక్కుపోకుండా కాచే సర్ఫాక్టెంట్ 34, 35 వారాలకుగానీ సరిపడా ఊరదు. పసివాళ్ల ప్రాణం తీస్తున్నది దాని కొరతేనని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ చూపించారు. అయినా 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్‌ను రెండు రోజులైనా నిలపలేకపోయారు. తల్లికి కాన్పుకు ముందే స్టెరాయిడ్ ఇస్తే మేలని 1972లో లిగిన్స్, హోవీ చూపారు. బిడ్డ ఊపిరితిత్తుల్లోకే సర్ఫాక్టెంట్ పోస్తే మేలని 1980లో ఫుజివారా చూపాడు. అలా లక్షల మంది బతికారు. కానీ బతికించిన ఆక్సిజన్, వెంటిలేటర్ లేత గాలిగొట్టాలను గాయపరుస్తాయి కూడా. ఆ మచ్చను 1967లోనే నార్త్‌వే వర్ణించాడు. బ్రిటన్, ఐర్లండ్‌లలో 1995లో 26 వారాలు నిండకుండా పుట్టినవాళ్లను 19 ఏళ్లకు ఊదించి చూస్తే, ఊపిరి తోటివాళ్లకన్నా తక్కువే.

ఎవరికైనా ఊపిరి ఇరవైల మొదట్లో శిఖరానికి చేరి, ఆపైన తరుగుతుంది. వీళ్ల శిఖరమే కురచ. అందుకే పదిహేనేళ్లప్పుడు కొలవడం ముఖ్యం. 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. వాళ్లూ రేపు ఇలా ఊదవలసినవాళ్లే.

డాక్టరమ్మ ఫైలు అట్టమీద పెద్దక్షరాలతో "28 వారాలు" అని రాసింది. ఇంట్లో ఎవరూ పొగ తాగొద్దంది, ఏటా వచ్చి ఊదమంది.

"ఖోఖో ఆడొచ్చా మేడమ్?"

"ఆడు. ఆయాసమొస్తే ఆగు, తగ్గాక మళ్లీ పరుగెత్తు. మానెయ్యకు."