కొబ్బరి నూనె కాఫీ, ఆయ్!

గోదావరి డెల్టాలో అన్నం మానేస్తున్నానని ప్రకటించడం సర్ ఆర్థర్ కాటన్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టడమే. ఆయన ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేసి కాలవలు పారించాక ఈ సీమంతా వరిచేలే. ఆ బియ్యం పొద్దున అట్టవుతుంది, మధ్యాహ్నం అన్నమవుతుంది, ఆత్రేయపురం వెళ్తే పూతరేకవుతుంది. అలాంటి చోటికి 2017, 18 ప్రాంతంలో ఓ కొత్త మాట వచ్చిపడింది: పిండిపదార్థాలు మానండి, కొవ్వు పుచ్చుకోండి.

ఆ మాటని ఇంటింటికీ చేర్చినాయన వీరమాచనేని రామకృష్ణ. ఆయన డాక్టరు కాదు. ఆ సంగతి పట్టుకునే టీవీల్లో డాక్టర్లు ఆయనతో వాదనకి దిగారు. జనం ఆ వాదనలు చూస్తూనే సంచి పట్టుకెళ్లి నిమ్మకాయలు కొనుక్కొచ్చారు. నియమాలు నాలుగే: రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ మాత్రలు.

అన్నం సంగతి ఎలాగో సర్దుకున్నారు. గుడ్లున్నాయి, చేపలున్నాయి, భీమవరం రొయ్యలున్నాయి. అసలు చిక్కు తెల్లారకుండానే వచ్చింది. కాఫీ!

రాజమండ్రి దానవాయిపేటలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారు కాగితం, పెన్సిలు తీసి లెక్క కట్టారు. కప్పులో 100 మిల్లీలీటర్ల చిక్కటి గేదెపాలుంటే అందులో పాలచక్కెర సుమారు 5 గ్రాములు. రెండు చెంచాల పంచదార 8 గ్రాములు. వెరసి 13. లేవగానే ఒకటి, టిఫినయ్యాక ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి, ఎవరైనా వస్తే వాళ్లకి తోడుగా ఒకటి. మొత్తం 52. ఇలా పిండిపదార్థాలు తగ్గించే కీటో పద్ధతిలో రోజంతటికీ పిండిపదార్థాలు 50 గ్రాములు దాటకూడదంటారు. అంటే మెతుకు ముట్టకుండానే కోటా అయిపోయి 2 గ్రాముల అప్పు మిగిలింది.

సరే, పాలూ పంచదారా తీసేద్దామన్నారు మాస్టారు. మర్నాడు ఉత్త డికాక్షన్ ఒక గుక్క తాగి, ఫిల్టరు మూత తీసి లోపలికి తొంగిచూశారు. ఆయన చూడవలసింది ప్యాకెట్ వెనకాల. మన దేశంలో కాఫీపొడిలో చికోరీ 49 శాతం దాకా కలపొచ్చు, ఆ సంగతి ప్యాకెట్ మీద వేస్తే చాలు. ఇన్నేళ్లూ పాల చాటున కాపురం చేసిన చికోరీ ఆ పూట మాస్టారి నాలుక మీద ముసుగు తీసింది.

ఈలోగా హైదరాబాదు నుంచి మేనల్లుడు ఫోన్ చేసి ఉపాయం చెప్పాడు. ‘‘అందులో వెన్న వేసుకోవాలి మావయ్యా. అమెరికాలో అందరూ అదే తాగుతున్నారు.’’

అమెరికాలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చినాయన పేరు డేవ్ ఆస్ప్రీ. 2004లో టిబెట్ వెళ్లి, చలిలో జడల బర్రె వెన్న కలిపిన టీ తాగి, ప్రాణం లేచొచ్చిందన్నాడు. తిరిగొచ్చాక కాఫీలో వెన్నా, కొబ్బరి నుంచి తీసిన ఎంసీటీ నూనే కలిపి, దానికి బుల్లెట్‌ప్రూఫ్ కాఫీ అని పేరు పెట్టి అమ్మకానికి దిగాడు. ఇథియోపియాలో ఒరోమో జాతివాళ్లు కాఫీకి వెన్న జోడించడం తరతరాల ఆచారమే గానీ, వాళ్లు దానికి ట్రేడ్‌మార్క్ తీసుకోలేదు.

ఎంసీటీ నూనె ధర విన్నాక మాస్టారు, ‘‘కొబ్బరికాయల అంబాజీపేట పక్కన పెట్టుకుని సీసాల్లో కొనడమేవిటోయ్?’’ అని గానుగ కొబ్బరి నూనె తెప్పించారు. నిజానికి రెండూ ఒకటి కావు. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఎంసీటీ సీసాలో ఉండేవి అంతకన్నా పొట్టి గొలుసుల కొవ్వులు. అవి తిన్నగా కాలేయానికి చేరి తొందరగా ఖర్చవుతాయి. లారిక్ ఆమ్లం చాలావరకు మామూలు కొవ్వుల దారినే పోతుంది. ఈ తేడా మాస్టారికి తెలియదు. ఇల్లాలికి మాత్రం వేరే అభ్యంతరం ఉంది.

‘‘నెత్తికి రాసుకునే నూనె కాఫీలో పోస్తారటండీ? జుట్టు లోపల మొలిపిద్దామనా?’’

మాస్టారు జవాబివ్వకుండా డికాక్షన్‌లో రెండు పెద్ద చెంచాలు పోశారు. నూనె పైకి తేలింది. చెంచాతో తిప్పినంతసేపూ కలిసినట్టే ఉండి, ఆపగానే మళ్లీ పైకొచ్చి కళ్లు కళ్లుగా నిలబడింది. నీళ్లూ నూనే కలవాలంటే జోరుగా చిలకాలి కాబట్టి మిక్సీ తీశారు. సలసల కాగే ద్రవాన్ని మూసిన జారులో తిప్పితే లోపలి ఆవిరి మూతని ఎగదన్నుతుందని లెక్కల పుస్తకాల్లో ఉండదు, ఫిజిక్సులో ఉంటుంది. మూత ఎగిరి గోడకి తగిలింది, కాఫీ క్యాలెండరు మీదకి చిమ్మి దుర్ముహూర్తాలన్నీ చెరిపేసింది. జారులో మిగిలిన అరకప్పు మాత్రం చక్కగా నురగ కట్టింది. ముందురోజు అందులో పెసరట్ల కోసం అల్లం, పచ్చిమిరపకాయలు రుబ్బారు. తాగిన మాస్టారికి కళ్లంట నీళ్లొచ్చాయి. గుణం కనిపిస్తోందన్నారు.

తర్వాత ఒడుపు తెలిసింది. కాస్త చల్లారనివ్వడం, జారు సగమే నింపడం, మూత మీద గుడ్డ వేసి అదిమిపట్టడం. నెయ్యి కన్నా వెన్న బాగా కలుస్తుందనీ తెలిసింది, వెన్నలో ఇంకా కాస్త నీరూ పాల మాంసకృత్తులూ మిగిలి ఉంటాయి గనక. ఇంత పట్టుబడ్డాక ఇంకో లెక్క తేలింది. ఒక పెద్ద చెంచా వెన్న, ఒక పెద్ద చెంచా నూనె కలిస్తే 220 కేలరీల పైమాటే. ఈ కాఫీ తాగేవాళ్లు టిఫిను మానేసి తాగుతారు. మాస్టారు టిఫినుకి ముందు తాగారు. కొవ్వు కొవ్వుగా వెళ్లింది, వెనకే ఇడ్లీ ఇడ్లీగా వెళ్లింది. పైగా కొబ్బరి నూనెలో సుమారు 90 శాతం సంతృప్త కొవ్వే. స్టీలు ఫిల్టరు కాగితం ఫిల్టరులా కాఫీలోని కెఫెస్టాల్‌ని పట్టి ఆపదు, చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచే గుణం దానిది. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లయితే పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టరుని అడిగి తీరాలి, లేకపోతే షుగరు మరీ పడిపోవచ్చు.

నిజానికి కాఫీలో పిండిపదార్థాలు తగ్గాలంటే వెన్నతో పనే లేదు. 1863లో బరువు తగ్గిన కథ అచ్చు వేయించి పేరు తెచ్చుకున్న లండన్ అంత్యక్రియల వ్యాపారి విలియం బాంటింగ్ పొద్దున టీ తాగింది పాలూ పంచదారా లేకుండానే, ఏ నూనే పోసుకోలేదు. అలా తాగే కాఫీ కోసం దూరం పోనక్కర్లేదు. ఆంధ్రలో కాఫీ మొక్క మొదట నాటిందీ గోదావరి వాళ్ల పెరట్లోనే అనుకోవచ్చు: 1898లో బ్రోడీ అనే తెల్లదొర, గోదావరి మన్యంలోని పాములేరు లోయలో. చికోరీ లేని మన్యం అరబికా పొడి పల్చగా కాస్తే పాలు అడగదు, కేలరీలు అయిదు దాటవు. మాస్టారు అలా మొదలుపెట్టాక మిక్సీ మళ్లీ పచ్చళ్లకి దక్కింది.

కానీ ఇంట్లో నెగ్గిన నియమం కోనసీమలో నెగ్గాలిగా! పెళ్లికని వియ్యాలవారి ఊరెళ్తే, పాలు లేని కాఫీ ఇమ్మన్నందుకు ఇల్లంతా కంగారు పడింది.

‘‘పాలు లేకుండానాండీ? మా పాడి ఎండిపోయిందనుకుంటారండి నలుగురూ!’’

‘‘అబ్బే, ఒంటికి పడదండి.’’

‘‘ఆయ్, తమరి ఒళ్లు తమదండి. మా మర్యాద మాదండి.’’

చివరికి రాజీ కుదిరింది. పళ్లెంలో మూడు గ్లాసులొచ్చాయి. ఒకదాంట్లో నల్ల కాఫీ, ఒకదాంట్లో మీగడ కట్టిన పాలు, మూడోదాంట్లో పంచదార. కబుర్లయ్యేసరికి మూడూ ఖాళీ. కప్పులో కలపలేదు గనక అది కాఫీ ఖాతాలోకి రాదని మాస్టారి వాదన. లెక్కల మాస్టారు కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు.