హ్యాపీ డేస్... షరతులు వర్తిస్తాయి!

ఈఏపీసెట్ గట్టెక్కింది, కౌన్సెలింగ్‌లో కంప్యూటర్ సైన్సు సీటూ దక్కింది. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో స్టడీ అవర్ల మధ్య నలిగిన కుర్రాడికి ఇక పట్టపగ్గాల్లేవు. ‘ఈ రెండేళ్లు కష్టపడితే తర్వాతంతా హాయే’ అని లెక్చరర్లు ఊరించిన హాయి ఇదేననుకున్నాడు. బుర్రనిండా 2007 నాటి ‘హ్యాపీ డేస్’ సినిమానే: క్యాంటీను, కబుర్లు, స్నేహాలు!

మొదటి వారంలోనే రీలు తెగింది. హాజరు 75 శాతం కన్నా తగ్గితే కండొనేషన్ ఫీజు, 65 కన్నా దిగితే డిటెన్షన్ అని నోటీసు బోర్డు పలకరించింది. కృత్రిమ మేధ నేర్పుతారని ల్యాబ్‌కి పరిగెడితే, సీనియర్ రికార్డు చేతిలో పెట్టి ‘గీతతో సహా దించెయ్’ అన్నారు. కాపీ పేస్టులో తొలి పాఠం, అదీ చేత్తో!

అసలు కథ ఆఫీసు కిటికీ దగ్గరుంది. సర్కారే ఫీజు కట్టే ‘ఫీజు రీయింబర్స్‌మెంట్’ పథకం 2008లో పుట్టింది. అంటే మనవాడూ అదీ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు. వీడు ఏటా పై తరగతికి వెళ్తుంటే అది మాత్రం బకాయిల దగ్గరే ఆగిపోతోంది. ‘సర్కారు సొమ్ము వచ్చాక వెనక్కిస్తాం, ముందు మీరు కట్టండి. లేదంటే సర్టిఫికెట్లు మా దగ్గరే’ అన్నాడు గుమస్తా. నాన్న అప్పు కోసం బయల్దేరాడు.

క్లాసుకు రాని కుర్రాడికి జరిమానా ఉంది. గడువుకు రాని సర్కారు సొమ్ముకు కండొనేషన్ ఫీజు ఎవరు వసూలు చేస్తారు స్వామీ?